ఎండ బాగుందని బయల్దేరాం: గ్రానైట్ మౌంటెన్ మంచుచరియలో నా అనుభవం

ఆఖరి బిల్లు మొన్న మార్చి 14న కట్టాను. ఎన్నాళ్లు పట్టిందో, ఎంతయిందో తేలకుండా రాస్తే సగమే రాసినట్టవుతుందని ఇన్నాళ్లూ ఆగాను.

సియాటిల్ వైపు ఉండే మన తెలుగువాళ్లకి ఏప్రిల్ సగం దాటితే ఇంట్లో కాలు నిలవదు. ఆరు నెలలు ముసురులో గడిపిన ప్రాణాలు మరి. రెండు రోజులు ఎండ కాస్తే చాలు, "ఈ శనివారం ఎటు?" అని మెసేజీలు మొదలవుతాయి. పోయినేడాది ఏప్రిల్ 26, శనివారం మేమూ అలాగే బయల్దేరాం. నేను, మా ఆయన, ఆయన ఆఫీసులో పనిచేసే కర్నూలు అబ్బాయి, ఆ అబ్బాయి రూమ్మేటు. కర్నూలు అబ్బాయి నన్ను అక్కా అంటాడు, నేను తమ్ముడూ అంటాను. ఇక్కడా అలాగే రాస్తాను. మా పాపకి ఆరేళ్లు. ఖమ్మం నుంచి అత్తయ్య వచ్చి ఉన్నారు కాబట్టి పాపని ఆవిడకి అప్పజెప్పి వెళ్లాం.

ఎక్కాలనుకున్నది గ్రానైట్ మౌంటెన్. ఐ-90 రోడ్డు మీద 47వ ఎగ్జిట్, ఇస్సక్వాలో మా ఇంటి నుంచి అరగంట. కొండ కొసన 5,629 అడుగుల ఎత్తున అడవి మంటల్ని కనిపెట్టడానికి కట్టిన కాపలా గది ఉంటుంది. ఆగస్టులో మేం రెండుసార్లు ఎక్కాం. తెలిసిన కొండే కదా అనుకున్నాం. ఆగస్టులో ఎక్కినవాళ్లకి ఏప్రిల్‌లో ఆ కొండ గురించి తెలిసినట్టు కాదని నాకు ఆ రోజు దాకా తట్టలేదు.

పొద్దున 6కి ఇల్లు కదలాలని ముందు రోజు అనుకున్నాం. అత్తయ్య పులిహోర కలిపి స్టీలు డబ్బాకి సర్దడం, పాప లేచి నేనూ వస్తానని ఏడవడం, దాన్ని ఊరుకోబెట్టడం, అన్నీ అయ్యేసరికి 8:50. పార్కింగు నిండిపోయింది. రోడ్డు వారన కారు ఆపి నడక మొదలుపెట్టేటప్పటికి 9:40. దాదాపు మూడు గంటలు ఆలస్యమైందని నలుగురిలో ఒక్కరం కూడా అనుకోలేదు. వేసవిలో ఆ ఆలస్యం వల్ల ఇంకాస్త చెమట పడుతుంది, అంతే.

మొదటి మైలు అడవిలో నేల తడిగా ఉంది కానీ మంచు లేదు. ప్రాట్ లేక్ దారి విడిపోయే చోట కుడికి తిరిగాం. ఇంకాస్త ఎక్కాక చెట్ల మొదళ్ల దగ్గర మంచు మరకలు, ఆపైన దారంతా మంచే. బూట్లకి మైక్రోస్పైకులు, అంటే జారకుండా పట్టే చిన్న ఇనుప ముళ్లు, తగిలించుకున్నాం. మొదట్లో బాగానే నిలబడ్డాం. తర్వాత అడుగు చీలమండ దాకా దిగడం మొదలైంది. పదకొండున్నరకి పిక్కల దాకా దిగుతోంది. ఒకచోట నా కాలు మోకాలి దాకా పోయింది, కింద నీళ్లు పారుతున్న చప్పుడు వినిపించింది. "ఎండకి కరుగుతోంది" అన్నాను నేను. అంటే అన్నాను గానీ ఆ మాటకి అర్థం ఏమిటో ఆలోచించలేదు.

ఇంకొకటి కూడా చూశాం. కుడిపక్క వాలు మీద నుంచి చిన్నచిన్న మంచు ఉండలు వాటంతటవే దొర్లుతూ, దొర్లేకొద్దీ చాప చుట్టినట్టు చుట్టుకుంటూ, పళ్లెమంత అయ్యి ఆగిపోతున్నాయి. వాటి వెనక మంచు మీద గీతలు. తమ్ముడు ముచ్చటపడి వీడియో తీశాడు. ఆ వీడియో ఇప్పటికీ ఉంది. పద్దెనిమిది సెకన్లు. అందులో నా నవ్వు వినిపిస్తుంది. ఇప్పటికి పదిసార్లయినా చూసి ఉంటాను. వాలు పై పొర పట్టు వదిలేసిందని చెప్పడానికి అంతకన్నా తేటైన గుర్తు ఉండదని తర్వాత క్లాసులో చెప్పారు.

పన్నెండున్నరకి గాడి దగ్గరికి వచ్చాం. గ్రానైట్ మౌంటెన్ తెలిసినవాళ్లకి ఇది తెలుస్తుంది. వేసవి దారి కొండ దక్షిణపు ముఖం మీద ఒక పెద్ద గాడిని అడ్డంగా దాటుతుంది. పైనుంచి కిందికి కొండని గరిటెతో తోడేసినట్టు ఉంటుంది. అందులో పెద్ద చెట్టు ఒక్కటి లేదు, వంగిపోయిన పొదలే. ఏటేటా మంచు జారి చెట్లని బతకనివ్వదు కాబట్టి అలా ఉందని ఆగస్టులో మాకేం తెలుసు? ఎండ తగిలే చోటు, రోడ్డంతా కనిపిస్తుంది అని అక్కడే నిలబడి ఫొటోలు తీసుకున్నాం. చలికాలం, వసంతం ఎక్కేవాళ్లు ఆ గాడి జోలికి పోకుండా ముందే దారి వదిలేసి చెట్లున్న గట్టు పట్టుకుని నేరుగా పైకి పోతారు.

మా ఆయన ఆగారు. "ఇది దాటాలా? వెనక్కి పోదామా?" అన్నారు. నేనే అన్నాను, "అడుగులు కనబడుతున్నాయి కదండీ, చాలామంది వెళ్లారు" అని. నిజంగానే అడుగుజాడలు ఉన్నాయి. గాడికి ఈ గట్టు నుంచి ఆ గట్టుకి వరసగా ఉన్నాయి. అయితే అవి లోతుగా లేవు, పై పైన గీసినట్టు ఉన్నాయి. అంటే వాళ్లు మంచు గట్టిగా ఉన్నప్పుడు, బహుశా ఏడుకో ఎనిమిదికో దాటిపోయారు. మేం వేసే అడుగు పిక్కల దాకా దిగుతోంది. ఒకే వాలు మీద రెండు రకాల జాడలు పక్కపక్కనే ఉన్నాయి. కళ్లతో చూశాను గానీ మనసుకి పట్టలేదు. ఈ అనుభవం మొత్తంలో నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వనిది ఆ నిమిషమే. పోదామా అని అడిగిన మనిషిని పోనివ్వకుండా చేసింది నేను.

తమ్ముడు ముందు దాటాడు. నేను మధ్యలో ఉన్నాను. మా ఆయన నా వెనక పది అడుగుల్లో. రూమ్మేటు అబ్బాయి బూటు లేసు కట్టుకుంటూ చెట్ల దగ్గరే ఉండిపోయాడు. టైము 12:50. నా ఫోన్లో ఆఖరి ఫొటో 12:49ది.

ఉరుముతున్నట్టు చప్పుడు వస్తుందని అనుకుంటారు. నాకు వినిపించింది బియ్యం బస్తా విప్పి గచ్చు మీద పోస్తున్నట్టు ఒక సర్రుమనే చప్పుడు. తలెత్తి చూస్తే పైన నల్లబండల కింద నుంచి మంచు విప్పారుకుంటూ వస్తోంది. మరీ వేగంగా ఏం లేదు. మనిషి పరుగెత్తేంత వేగం. పక్కకి పోవచ్చనే అనిపించింది. కానీ పిక్కల దాకా దిగిన కాలు పైకి రావాలి కదా. ఒక కాలు లాగాను, రెండోది రాలేదు. ముందు మోకాళ్లని కొట్టింది, కూలబడ్డాను, అంతే, కిందికి పోతున్నాను. మెత్తగా ఉండదది. తడి ఇసుక లారీ గుమ్మరిస్తే అందులో కొట్టుకుపోతున్నట్టు ఉంది, అంత బరువు. ఎడమ కాలు ఎక్కడో ఇరుక్కుని తిరిగింది. మోకాల్లో పుటుక్కుమన్నది నాకు తెలిసింది.

ఆగేసరికి నడుము దాకా మంచులో ఉన్నాను, తల పైకే ఉంది, దేవుడి దయ. నూటయాభై అడుగులు కొట్టుకుపోయానని మా ఆయన లెక్క. ఆయన్ని అంచు మాత్రమే తాకింది, పడి లేచారు. నేను కదలబోయాను. కదలదు. జారేటప్పుడు నీళ్లలా జారిన మంచు ఆగిన మరుక్షణం సిమెంటులా బిగుసుకుపోయింది. వేళ్లతో గీరితే గోళ్లు విరిగాయి గానీ ముద్ద ఊడలేదు. కింద ఐ-90 మీద లారీలు పోతున్నాయి. వాటి రంగులు కూడా తెలుస్తున్నాయి. అంత దగ్గరలో ప్రపంచం మామూలుగా నడుస్తుంటే నేను కొండకి కుట్టేసినట్టు ఉండిపోయాను.

మా దగ్గర పార లేదు. మంచులో పూడిన మనిషిని వెతికే బీకను, గుచ్చి చూసే పొడవాటి ప్రోబు కడ్డీ, పార, ఈ మూడూ ఉండాలని పేరుకైనా మాకు తెలియదు. నా తల కూడా లోపల ఉంటే ఏమయ్యేదో రాయడానికి చేయి రావడం లేదు. పూర్తిగా పూడిపోయిన మనిషికి బతికే వీలు ఎక్కువగా ఉండేది మొదటి పది పదిహేను నిమిషాలే. తర్వాత ఆశ వేగంగా సన్నగిల్లుతుంది. నడుము దాకా ఉన్న నన్ను బయటికి తీయడానికి ముగ్గురికి ముప్పయి అయిదు నిమిషాలు పట్టింది. దేనితో తవ్వారో తెలుసా? పులిహోర డబ్బా మూతతో. తమ్ముడు చేతికర్రతో పొడిచి వదులు చేస్తుంటే మా ఆయన ఆ స్టీలు మూతతో తోడారు. మూత వంగిపోయింది, ఆయన చేతివేళ్లు చిట్లి మంచు ఎర్రగా అయింది. కొంతసేపటికి రూమ్మేటు అబ్బాయిని పక్కన నిలబడి పైకి చూస్తూ ఉండమన్నారు, మళ్లీ జారితే అరవమని. ఆ రోజు మేం చేసిన తెలివైన పని అదొక్కటే.

911కి తమ్ముడు 12:58కి ఫోన్ చేశాడు. రోడ్డు కనబడే చోటు కాబట్టి సిగ్నల్ ఉంది. అటునుంచి మొదటి ప్రశ్న నా కాలి గురించి కాదు. "మీరు ఎంతమంది? అందరూ కళ్లముందే ఉన్నారా? మంచు కింద ఇంకెవరైనా ఉన్నారా?" తర్వాత మేమున్న చోటు అక్షాంశ రేఖాంశాలు ఫోన్లో చూసి చదవమన్నారు, నేను ఏ రంగు కోటు వేసుకున్నానో అడిగారు. బయటికి తీయగానే గాడిలో ఉండొద్దు, నొప్పి ఉన్నా సరే చెట్లలోకి జరగండి అన్నారు. ఆ నలభై అడుగులు లాగినప్పుడు నేను పెట్టిన కేకలు రూమ్మేటు అబ్బాయికి ఇంకా కలలోకి వస్తాయట. ఫోన్ పెట్టేస్తూ మూడు మాటలు చెప్పారు: బ్యాటరీ దాచుకోండి, ఇళ్లకి ఫోన్లు చేయొద్దు, ఆపరేషన్ అవసరం పడొచ్చు కాబట్టి ఆమెకి తిండి పెట్టొద్దు. తమ్ముడి ఫోన్ చలికి గంటన్నరలో 61 నుంచి 18 శాతానికి పడిపోయింది.

తర్వాత మూడు గంటల ఎదురుచూపు. ఎండ నడినెత్తిన ఉంది, నేను వణుకుతున్నాను. వేసుకున్నది కాటన్ ప్యాంటు, నానిపోయింది. నాలుగు సంచులూ ఖాళీ చేసి నా కింద పరిచారు. వాళ్ల జాకెట్లు నా మీద కప్పారు. మంచు మీద పడుకుంటే చలి పైనుంచి కాదు, కింద నుంచి వస్తుంది. హెలికాప్టర్ వస్తుందనుకుని ఆకాశం చూస్తూనే ఉన్నాం. రాలేదు. ఆ వేళకి గాడి ఇంకా రెండుసార్లు చిన్నగా జారింది. ఆ సర్రుమనే చప్పుడు వినబడ్డప్పుడల్లా మా ఆయన నా మీద వంగిపోయేవారు. "నువ్వు చెప్పినట్టు విన్నాను చూడు" అని ఒక్క మాట అంటారేమోనని భయపడ్డాను. అనలేదు. ఇవాళ్టి దాకా అనలేదు.

3:55కి మొదటి ఇద్దరు వాలంటీర్లు వచ్చారు. గాడి దాటకుండా గట్టు మీద నుంచి వచ్చారు, అందుకే ఆలస్యం. షెరిఫ్ ఆఫీసు పిలిస్తే ఉద్యోగాలూ ఇళ్లూ వదిలి వచ్చే మామూలు మనుషులు వీళ్లు. జీతం లేదు. కాలికి చెక్కలాంటిది కట్టారు, చంకల్లో వేడి ప్యాకెట్లు పెట్టారు, దుప్పటిలో పొట్లం కట్టినట్టు కట్టేశారు. జుట్టు నెరిసిన ఒకావిడ నా తల దగ్గర కూర్చుని ఆపకుండా మాట్లాడించింది. మీ పాప పేరేంటి, ఏ క్లాసు, ఏం తింటుంది. నేను తెలుగులో జవాబు చెబుతున్నానని నాకు తెలియలేదు. ఆవిడ "ఊ" కొడుతూనే ఉంది.

మొత్తం ఇరవైమందికి పైగా వచ్చారు. మంచు మీద తాళ్లు కట్టి స్ట్రెచర్ దింపారు. దారి మొదలయ్యాక స్ట్రెచర్ కింద ఒంటి చక్రం బిగించారు. ఆరుగురు పట్టుకుంటే ఆరుగురు ముందు నడుస్తారు, పది నిమిషాలకొకసారి మారతారు. చీకటి పడ్డాక తలలకి లైట్లు. కింద పార్కింగుకి చేరేసరికి రాత్రి 9:10. ఎంతివ్వాలి అని మా ఆయన అడిగారు. ఏమీ లేదన్నారు. డబ్బు అడుగుతారని భయపడి 911కి ఫోన్ చేయకుండా ఆలస్యం చేసినవాళ్ల గురించి ఒకాయన బాధగా చెప్పాడు. ఇది మనవాళ్లందరికీ తెలియాలి: కొండ మీద నుంచి నన్ను దింపినందుకు నేను ఒక్క డాలరు కట్టలేదు. బిల్లు మొదలైంది పార్కింగులో, అంబులెన్సు తలుపు మూసిన దగ్గర్నుంచి.

ఎమర్జెన్సీకి 10:20కి చేరాం. ఎక్స్‌రే 11:45కి, సీటీ స్కాన్ తెల్లవారి 1:30కి. మోకాలి కింద ఎముక పైతలం చిట్లింది, ఒక లిగమెంటు తెగింది. వెంటనే ఆపరేషన్ చేస్తారనుకున్నాను. వాపు దిగేదాకా చేయరట. తొమ్మిది రోజులు కాలు దిండ్ల మీద పెట్టుకుని ఇంట్లోనే పడుకోవాలి. ఆ తొమ్మిది రోజులు ఆపరేషన్ తర్వాత రోజులకన్నా కష్టంగా గడిచాయి. మే 5న ప్లేటు, ఏడు స్క్రూలు వేశారు. 7న ఇంటికి పంపారు. పది వారాల దాకా ఎడమ పాదం నేలకి ఆన్చొద్దన్నారు.

అత్తయ్య మే 30న తిరిగి వెళ్లాలి. టికెట్టు మార్చుకుని ఆగస్టు దాకా ఉండిపోయారు. నేను ఇంటికి వచ్చిన రోజు గుమ్మంలోనే ఆపి ఉప్పు, మిరపకాయలు దిష్టి తీశారు. వంగిన మూత చూసి ఏమీ అనలేదు, కడిగి షెల్ఫులో పెట్టారు. ఖమ్మంలో మా అమ్మకి మాత్రం "మెట్ల మీద పడింది" అని చెప్పాం. జూన్‌లో వీడియో కాల్‌లో పాప నోరు జారింది: "అమ్మమ్మా, అమ్మని మంచు తీసుకుపోయింది." అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "అన్నం తిన్నావా" అంది.

డబ్బు సంగతి కూడా రాస్తాను, ఎవరూ రాయరు కాబట్టి. అంబులెన్సు 1,640 డాలర్లు. ఇన్సూరెన్స్ మొదట ఇవ్వనంది, రెండు ఉత్తరాలు, నాలుగు నెలల తర్వాత చాలావరకు ఇచ్చింది. ఆసుపత్రి కాగితం మీద మొత్తం 71,000 దాటింది. మా జేబులోంచి పోయింది ఏడాదికి ఉన్న గరిష్ఠ పరిమితి, 5,500. అది జూన్‌కే నిండిపోయింది కాబట్టి మిగతా ఏడాది ఫిజియోథెరపీకి పైసా కట్టలేదు. నాకు తెలియనిది జనవరి 1న లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుందని. డిసెంబర్లో బద్ధకించి జనవరికి తోసేసిన ఆరు సిట్టింగులకి పూర్తి డబ్బు కట్టాను. మార్చి 14న కట్టిన ఆఖరి బిల్లు అదే. ఫిజియో మీద ఉన్నవాళ్లు డిసెంబర్లో వాయిదా వేయకండి.

ఆ తొమ్మిది రోజుల్లో, పడుకునే, నేనొక పని చేశాను. గ్రానైట్ మౌంటెన్‌కి దగ్గర్లోని స్నోక్వాల్మీ పాస్ అనే కనుమ దగ్గర కొండల మీద ఉన్న వాతావరణ కేంద్రాల గంటగంట లెక్కలు, మంచుచరియల హెచ్చరికలు ఇచ్చే నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్ సైటులో ఉంటాయి. ఎవరైనా చూడొచ్చు. మేం వెళ్లడానికి ముందు మూడు రాత్రుల లెక్కలు తీశాను. మూడు రాత్రులూ ఫారన్‌హీట్ 32కి, అంటే నీళ్లు గడ్డకట్టే చోటికి, ఒక్క గంట కూడా దిగలేదు. 38, 37, 39. పగలు కరిగిన మంచు రాత్రి మళ్లీ గడ్డకట్టాలి. గడ్డకడితే పొద్దున్నే వాలు గచ్చులా ఉంటుంది. రాత్రి మబ్బు పట్టినా, వెచ్చగా ఉన్నా గడ్డకట్టదు. కరిగిన నీళ్లు లోపలికి దిగుతూనే ఉంటాయి, రేణువుకీ రేణువుకీ మధ్య పట్టు పోతుంది. అంతకుముందు వారం కొండ మీద కొత్త మంచు కూడా పడింది. మేం చూసింది మాత్రం శనివారం పగటి సూర్యుడి బొమ్మ ఒక్కటే. మా ఊరి వాతావరణం చూశాం, కొండ రాత్రి చూడలేదు. ఆ సెంటర్ వాళ్లు రోజువారీ ప్రమాద హెచ్చరికలు ఏప్రిల్ మధ్యలో ఆపేసి, వసంతానికి ఒక సాధారణ ప్రకటన పెట్టి వదులుతారు. రోజూ హెచ్చరిక లేదంటే ప్రమాదం కూడా అయిపోయిందని మాలాంటివాళ్లు అనుకుంటారు. ఆ ప్రకటన చదివాను. వేడెక్కే రోజుల గురించి, తడిమంచు గురించి మాకు జరిగినట్టే రాసి ఉంది.

జూలై 14న పాదం నేలకి ఆన్చాను. నా కాలు నాది కాదనిపించింది, పిక్క పాప చేయంత అయిపోయింది. సెప్టెంబర్ 20న ఫిజియో అమ్మాయి చదునైన దారిలో రెండు మైళ్లు నడవొచ్చంది. స్టీవెన్స్ పాస్ దగ్గర వెల్లింగ్టన్‌కి తీసుకెళ్లమన్నాను. పాత రైలుకట్టనే ఇప్పుడు ఐరన్ గోట్ ట్రెయిల్ అంటున్నారు. 1910 మార్చి 1 తెల్లవారుజామున అక్కడ మంచులో చిక్కుకుని ఆగి ఉన్న రెండు రైళ్లని చరియ లోయలోకి తోసేసింది. 96 మంది పోయారు. అమెరికాలో ఒక మంచుచరియకి అంతమంది పోయింది మళ్లీ లేదు. ఏమయిందక్కడ? రోజుల తరబడి మంచు కురిసింది, ఆపైన వెచ్చబడి వాన, ఉరుములు. బోర్డు మీద ఆ వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. పక్కనే తర్వాత కట్టిన కాంక్రీటు షెడ్డు పొడవునా ఉంది, రైలు మీద మంచు పడకుండా. మా ఆయన అందులో నిలబడి, "నాకు అప్పుడప్పుడు ఆ చప్పుడు వినిపిస్తుంది, నీకూనా?" అని అడిగారు. అయిదు నెలల్లో మేం దాని గురించి నోరు విప్పి మాట్లాడుకున్నది అదే మొదటిసారి. కారు దాకా వచ్చేవరకు మాట్లాడుకుంటూనే ఉన్నాం. గాడి దగ్గర నేనన్న మాట గురించి కూడా. "నాకూ దాటాలనే ఉంది, నువ్వు అంటే బాగుండునని అడిగాను" అన్నారు.

నవంబర్లో నలుగురం కలిసి అవలాంచ్ సెంటర్ వాళ్ల ఉచిత క్లాసు ఆన్‌లైన్లో విన్నాం. జనవరి 17న నేను, తమ్ముడు ఒక రోజు రెస్క్యూ కోర్సుకి వెళ్లాం, మనిషికి 210 డాలర్లు, సామాను వాళ్లే ఇచ్చారు. సంచిలో బీకను పెట్టి మంచులో పూడ్చేస్తారు, మన బీకనుతో వెతకాలి. బాణం గుర్తు, దూరం అంకె తెర మీద వస్తాయి. చూడ్డానికి తేలిక. మొదటిసారి నాకు 11 నిమిషాలు పట్టింది. చేతులు వణికాయి, అంకె పెరుగుతుంటే కూడా అటే పోయాను. మూడోసారికి నాలుగు నిమిషాలు. దొరికాక ప్రోబు కడ్డీ వాలుకి నిటారుగా గుచ్చాలి, తగిలాక కడ్డీ తీయకుండా అక్కడే ఉంచాలి, తవ్వడం పైనుంచి కాదు, పల్లం వైపు నుంచి. మూడడుగుల లోతుకి ఇద్దరం పారలతో తొమ్మిది నిమిషాలు తవ్వాం. నేర్పే ఆయన ఒక నిమిషం వట్టి చేతులతో తవ్వి చూడమన్నాడు, తేడా తెలియాలని. అందరూ వంగారు. నేను, తమ్ముడు నిలబడే ఉన్నాం. ఆయన మా మొహాలు చూసి ఏమీ అడగలేదు.

బీకను, కడ్డీ, పార మూడూ ఇప్పుడు మా ఇద్దరికీ ఉన్నాయి. ఒక్కొక్కరికి దాదాపు 480 డాలర్లయింది. అయినా ఆ కోర్సులో నా మనసుకి పట్టింది సామాను కాదు. భోజనాల దగ్గర నేర్పే ఆయన మామూలుగా అన్నాడు: వసంతంలో నేను తెల్లారేసరికి మంచు మీద ఉంటాను, పదకొండుకల్లా నిటారు వాలు కింద నుంచి బయటపడతాను, చీలమండ దాటి కాలు దిగితే టైము ఎంతైనా సరే తిరిగేస్తాను. ఇంకొకటి, గాడి లాంటిది దాటాల్సి వస్తే ఒక్కొక్కరే దాటాలి, మిగతావాళ్లు చెట్లలో నిలబడి చూడాలి. మాలో ఒకడు లేసు కట్టుకుంటూ ఆగిపోబట్టి అది మాకు సగం జరిగింది.

మోకాలు ఇప్పుడు పూర్తిగా వంగదు, పద్మాసనం వేయలేను. దిగుడులో నొప్పి వస్తుంది. ప్లేటు తీయాలా వద్దా అన్నది ఏడాది తర్వాత చూద్దామన్నారు.

ఈ శనివారం మళ్లీ ఎండ. తమ్ముడు, నేను మేసన్ లేక్ వైపు కాస్త దూరం పోయి వద్దామనుకున్నాం, 4:30కి బయల్దేరాలని బ్యాగులు సర్దుకుని గుమ్మంలో పెట్టుకున్నాం. అలారం కన్నా ముందే, 3:50కి ఫోన్ మోగింది. తమ్ముడి మెసేజ్.

"అక్కా, పాస్ దగ్గర రాత్రంతా 36. గడ్డకట్టలేదు. పడుకో."